చివరి రోజు నెత్తిన ఇన్ని అప్పులా?

పేరు వద్దన్న ఒక పాఠకురాలు ఇస్తాంబుల్ నుంచి పెద్ద ఉత్తరమే రాశారు. ఆమెకు 34 ఏళ్లు. తొమ్మిదేళ్లు చేసిన ఉద్యోగం మానేసి, వీపున ఒక బ్యాగు తగిలించుకుని మూడు నెలల కిందట బయల్దేరారు. జార్జియాలో మొదలుపెట్టి, సార్పి దగ్గర సరిహద్దు దాటి, నల్ల సముద్రం ఒడ్డు వెంబడి బస్సులు మారుతూ ఇస్తాంబుల్ చేరారు. ఆ ఊరు బోస్ఫరస్ జలసంధికి ఇటు ఆసియాలో, అటు ఐరోపాలో ఉంటుంది. ఆసియా వైపున్న కాడికోయ్‌లో ఒక హాస్టల్లో దిగారు. రెండు రోజులుండి అవతలి ఒడ్డుకు మారదామనుకున్నవారు పన్నెండు రోజులైనా అక్కడే ఉన్నారు. పొద్దున్నే చేపల బజారు, మధ్యాహ్నం మోడాలో సముద్రం ఒడ్డున టీ, సాయంత్రం వీధి పిల్లులతో కాలక్షేపం. హాయిగానే ఉన్నారు. కానీ ప్రపంచమంతా ఏ కట్టడాల కోసం ఆ ఊరు వస్తుందో, వాటిలో ఒక్కటీ చూడలేదు.

ఇంతవరకైతే ఉత్తరం రాయాల్సిన పని లేదు. ఆమె నాన్న చరిత్ర మాస్టారు, రిటైరయ్యారు. ముప్పై ఏళ్లకు పైగా పిల్లలకు '1453లో కాన్‌స్టాంటినోపుల్ పతనం' (ఇప్పటి ఇస్తాంబుల్ అదే) చెప్పిన మనిషి ఏనాడూ దేశం దాటలేదు. 'నా బదులు నువ్వు హాగియా సోఫియా చూసిరా అమ్మా' అన్నది ఆయన ఒకే ఒక్క కోరిక. ఒకప్పుడు చర్చి, ఇప్పుడు మసీదు అయిన పాత కట్టడం అది. రోజూ ఫోన్లో 'వెళ్లావా, వెళ్లావా' అని అడుగుతుంటే, ఐదో రోజు ఈమె హాస్టల్లో పక్క మంచం అమ్మాయి తీసిన ఫోటోలు నాలుగు పంపి 'వెళ్లాను నాన్నా' అనేశారు. ఆయన వాటిని రిటైర్డ్ ఉపాధ్యాయుల వాట్సాప్ గ్రూపులో పెట్టుకున్నారు. తర్వాత ఒక ప్రశ్న అడిగారు: 'పై అంతస్తులో పాలరాతి గట్టు మీద ఒక వైకింగ్, అంటే పాతకాలపు ఉత్తర ఐరోపా సముద్ర యోధుడు, తన పేరు చెక్కాడంటారు, కనిపించిందా?' ఈమె 'రద్దీగా ఉంది నాన్నా, పైకి వెళ్లలేదు' అని జవాబిచ్చారు. 'సరేలేమ్మా' అన్నారాయన. మళ్లీ ఆ ఊసెత్తలేదు.

మంగళవారం రాత్రి 9:15కి తిరుగు విమానం. 'చివరి రోజు పొద్దున్నే వెళ్లి హాగియా సోఫియా చూసేస్తే అబద్ధం నిజమైపోతుంది కదా, దాంతోపాటు తోప్‌కాపి ప్యాలెస్, బసిలికా సిస్టర్న్, గ్రాండ్ బజార్ కూడా అయిపోతాయి' అని ఈమె ఆలోచన. అయితే తిబిలిసీ నుంచి కలిసి తిరుగుతున్న కేరళ స్నేహితురాలు ఆ మంగళవారమే సెలవు పెట్టుకుంది. ఆన్‌లైన్‌లో ఉద్యోగం చేసుకుంటూ తిరిగే అమ్మాయి. ఇద్దరూ ప్రిన్సెస్ దీవులకు వెళ్దామని ఎప్పుడో అనుకున్నారట. బుధవారం ఆ అమ్మాయి బల్గేరియా వెళ్లిపోతుంది. ఈమె ఉత్తరం చివర రాసిన మాటలు ఇవి: 'ఆంటీ, ఏది వదిలేసినా జీవితాంతం బాధపడతానేమోనని టెన్షన్. రాత్రి నిద్ర పట్టడం లేదు. అసలు భయం ఇంకోటుంది. అంత పెద్ద కట్టడం ముందు నిలబడి నాకేమీ అనిపించకపోతే? నాన్న కల అది. నా కళ్లతో చూసి పాడుచేస్తానేమో.'

ఆంటీ అన్నారు కాబట్టి ఆ చనువుతోనే మాట్లాడతాను. జవాబు మీకు ముందే పంపాను. ఇలాంటి చివరి రోజు చాలామందికి వస్తుంది కాబట్టి ఇక్కడా ఇస్తున్నాను.

ముందు ఒక లెక్క. మీరు ఉత్తరం రాసింది బుధవారం రాత్రి. విమానం మంగళవారం రాత్రి. మధ్యలో గురు, శుక్ర, శని, ఆది, సోమ అని ఐదు రోజులున్నాయి. ఉత్తరంలో 'చివరి రోజు' అనే మాట పదకొండు సార్లు వచ్చింది. ఈ ఐదు రోజుల ఊసు ఒక్కసారీ లేదు. మీరు కావాలని దాచారనుకోను. మీకవి నిజంగానే కనిపించడం లేదు.

నవ్వొస్తోందని చెప్పాలి, ఎందుకంటే నేనూ ఇదే పని చేశాను. చాలా ఏళ్ల కిందట పారిస్‌లో నాలుగు రోజులున్నాను. నేను దిగిన గది నుంచి లూవ్ర్ మ్యూజియం పావుగంట నడక. రోజూ దాని పక్క నుంచే వెళ్లేదాన్ని. తీరిగ్గా చూడాలి, చివరి రోజుకు పెట్టుకుందాం అనుకున్నాను. చివరి రోజు మంగళవారం పడింది. లూవ్ర్‌కు మంగళవారం సెలవు. ఆ సంగతి తలుపు దగ్గరకు వెళ్లేదాకా తెలుసుకోని తెలివి నాది. గాజు పిరమిడ్ పక్కన అరుగు మీద కూర్చుని, రైల్లో తిందామని కట్టించుకున్న రొట్టె అక్కడే తినేశాను. నాలాంటివాళ్లు ఇంకో పదిమంది ఉన్నారు. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

మీ మంగళవారం సంగతీ అంతే. తోప్‌కాపి ప్యాలెస్‌కు వారపు సెలవు మంగళవారమే. అంటే మీ జాబితాలో ఒకటి మీరు కొట్టేయకముందే కొట్టుకుపోయింది.

మనం ముఖ్యమైనవన్నీ చివరి రోజుకు తోసేది ఆ రోజు మీద ప్రేమతో కాదు. ఆ రోజుకు 'రేపు' ఉండదు. ఇక తప్పదు కాబట్టి ఎలాగోలా చేసేస్తాంలే అన్న ధీమా. పరీక్ష ముందు రాత్రి పుస్తకం తెరిచేవాళ్ల లెక్క. మాస్టారి కూతురు మీరు, మీకు నేను చెప్పాలా? చివరి రోజుకు తోసిన పనుల్లో చాలావరకు మనకు చేయాలని లేనివో, చేయడానికి భయపడేవో అయి ఉంటాయి. ఆ చేపల బజారుకు వెళ్లడాన్ని మీరు ఒక్కనాడూ 'రేపు' అనలేదు చూడండి.

అందుకే చూడాల్సినవాటి జాబితా పక్కన పెట్టి ఎవరికి ఏం బాకీ పడ్డారో చూద్దాం. మీ నెత్తిన మూడు అప్పులున్నాయి. జాబితా అప్పు, స్నేహితురాలి అప్పు, నాన్నగారి అప్పు. మొదటిది తీర్చకపోయినా అడిగేవాడు లేడు. రెండోది తేలిగ్గా తీరేది. మూడోదాన్ని మంగళవారం తీర్చలేరు, ముందే తీర్చాలి. ఎందుకో చెబుతాను.

జాబితా సంగతి రెండు ముక్కల్లో తేల్చేద్దాం. తోప్‌కాపి మంగళవారం లేదు. గ్రాండ్ బజార్ మంగళవారం ఉంటుంది, ఆదివారం ఉండదు. కానీ కొనే ఉద్దేశం లేకుండా, విమానం టెన్షన్‌తో, అన్ని వేల దుకాణాల మధ్య తిరిగితే వచ్చేది తలనొప్పే. బసిలికా సిస్టర్న్ మాత్రం బాగుంటుంది. జస్టీనియన్ చక్రవర్తి కాలంలో నేల కింద కట్టిన నీళ్ల తొట్టి అది, 336 స్తంభాలు, మూలన రెండు స్తంభాల కింద గ్రీకు కథల్లోని పాముల జుట్టు రాక్షసి మెడూసా తలలు, ఒకటి పక్కకు, ఒకటి తలకిందులుగా. గంటలో చూసి రావచ్చు. హాగియా సోఫియాకు నాలుగడుగుల దూరంలోనే ఉంటుంది కాబట్టి ఏ రోజు అటు వెళ్తే ఆ రోజు చూడండి. కుదరకపోతే వదిలేయండి. దాని కోసం జీవితాంతం బాధపడిన మనిషిని నేనింతవరకు చూడలేదు.

ఇప్పుడు మంగళవారం నిజంగా ఎంత పొడుగో చూద్దాం. విమానం 9:15కి. అంతర్జాతీయ ప్రయాణం, మూడు గంటల ముందు ఉండాలి, అంటే 6:15. మీ టికెట్ మీద ఏ విమానాశ్రయం ఉందో ఇప్పుడే తీసి చూడండి. మీరు 'ఇస్తాంబుల్ ఎయిర్‌పోర్ట్' అని మాత్రమే రాశారు. ఆ ఊరికి రెండున్నాయి. 2018లో తెరిచిన పెద్దది ఐరోపా వైపు, ఊరికి దూరంగా, నల్ల సముద్రం దరిదాపుల్లో ఉంది. రెండోది సబీహా గోక్చెన్, ఆసియా వైపు. టికెట్ మీద ఐఎస్‌టి అని ఉంటే మొదటిది, ఎస్ఏడబ్ల్యూ అని ఉంటే రెండోది. రెండోదైతే మీ పని సులువు. కాడికోయ్‌లో మెట్రో ఎక్కితే నేరుగా అక్కడ దిగొచ్చు. మొదటిదైతే సాయంత్రం వేళ బోస్ఫరస్ వంతెన ట్రాఫిక్ దాటాలి. కాడికోయ్ నుంచి మూడున్నరకల్లా కదలాలి. తొందరగా లేచినా మీ చేతిలో ఉండేది ఏడు గంటలు. దానికి మీరు పెట్టుకున్న పని పదిహేను గంటలది.

బ్యాగు సంగతి అసలు రాయలేదు మీరు. చివరి రోజును పాడుచేసేది సాధారణంగా అదే. హాస్టల్లో వదిలి అవతలి ఒడ్డుకు వెళ్తే, దాని కోసం మళ్లీ ఆసియాకు వచ్చి, మళ్లీ ఐరోపాకు వెళ్లాలి. ఒకే రోజు మూడుసార్లు ఖండం మారడం చెప్పుకోవడానికి బాగుంటుంది గానీ, గడియారం చూసుకుంటూ చేసే పని కాదు. ఐరోపా వైపు తిరగాలంటే బ్యాగు పొద్దున్నే వెంట తీసుకెళ్లి ఎమినొను, సిర్కెజి ప్రాంతంలో సామాను దాచేచోట పెట్టుకోండి. అక్కడ బోర్డు మీద 'ఎమానెత్' అని ఉంటుంది. మన 'అమానతు' మాటే. పాస్‌పోర్టు మాత్రం ఎమానెత్‌లో పెట్టకండి.

ఇక నాన్నగారు.

ఒక చిన్న విషయం మీ దృష్టికి రాలేదేమో. హాగియా సోఫియా 1935 నుంచి మ్యూజియంగా ఉండి, 2020లో మళ్లీ మసీదయింది. 2024 జనవరి నుంచి విదేశీ పర్యాటకులకు వేరే దారి పెట్టారు. 25 యూరోల టికెట్ కొనుక్కుని పై గ్యాలరీకే వెళ్లాలి, కింది అంతస్తు నమాజుకు వచ్చేవారికి. అంటే ఇప్పుడు పర్యాటకులెవరైనా పైకే వెళ్తారు. మీరేమో 'రద్దీగా ఉంది, పైకి వెళ్లలేదు' అన్నారు. ముప్పై ఏళ్లు కాపీ కొట్టిన పిల్లల్ని పట్టుకున్న మాస్టారు, ఆ కట్టడం గురించి దొరికిందల్లా చదివే మనిషి, ఆ గట్టు మీది రాత సంగతి తెలిసిన మనిషి, ఇది తెలియకుండా ఉంటారా? ఉంటే ఉండొచ్చు. కానీ ఆయన 'సరేలేమ్మా' అని ఊరుకున్న తీరు చూస్తే, జవాబు తప్పని తెలిసీ మార్కులు తీసేయని మాస్టారే నాకు కనిపిస్తున్నారు.

మీ ముందున్న దారులు ఇవీ.

మీరనుకున్నట్టే గుట్టుగా వెళ్లి, చూసి, ఫోటోలు తీసుకుని, 'మొన్న తీసినవి ఇంకొన్ని దొరికాయి నాన్నా' అనొచ్చు. ఎవరూ పట్టుకోకపోవచ్చు. కానీ లోపల ఉన్న గంటసేపూ మీరు చూసేది కట్టడాన్ని కాదు, సాక్ష్యాన్ని. ఏ మూల నుంచి తీస్తే వారం కిందటిలా ఉంటుంది, ఈ వెలుతురు ఆ రోజుకు సరిపోతుందా అని. మీ నాన్న కలను పాడుచేస్తానేమోనన్న మీ భయం ఈ దారిలో మాత్రం నిజమవుతుంది. పైగా ఈ అబద్ధాన్ని ఇంటికి తీసుకెళ్లి, ఆయన ఎదురుగా కూర్చుని, ఆయన స్నేహితుల ముందు మళ్లీ మళ్లీ చెప్పాల్సి వస్తుంది. రిటైర్డ్ మాస్టార్లు ప్రశ్నలు అడగకుండా ఉండరు.

అసలు వెళ్లకుండా, చెప్పకుండా ఊరుకోవచ్చు కూడా. కొన్ని కుటుంబాల్లో కొన్ని విషయాలు అలా సద్దుమణిగిపోతాయి. దాన్ని తప్పనను. కాకపోతే, మీరు నిద్ర మానుకుని నాకు ఇంత ఉత్తరం రాశారు. ఊరుకోగలిగేవాళ్లు రాయరు.

మూడోది, ముందు ఫోన్ చేసి చెప్పేయడం. మంగళవారం కాదు, ఈ వారంలోనే. దీనికీ ఖర్చుంది. ఆయన నొచ్చుకోవచ్చు. గ్రూపులో పెట్టాను కదమ్మా అని చిన్నబోవచ్చు. రెండు రోజులు ఫోన్ అమ్మకిచ్చేయొచ్చు. మీ ఉత్తరంలో ఒకచోట, స్కూల్లో ఆయన క్లాసులో కూర్చున్నప్పుడు 'నాన్నా' అనకూడదు, 'సార్' అనాలి అని రాశారు. ఆయన సంగతి నాకన్నా మీకే తెలుసు. మౌనం వారాలపాటు సాగే ఇల్లయితే, ఫోన్లో కాకుండా ఇంటికెళ్లాక పక్కన కూర్చుని చెప్పడం మేలు. అప్పుడు కూడా వెళ్లిరావడమైతే ఇప్పుడే జరగాలి. 'అబద్ధం చెప్పాను, తర్వాత నిజంగా వెళ్లాను' అనడానికీ, 'అబద్ధం చెప్పాను, చివరికి వెళ్లనేలేదు' అనడానికీ ఎంత తేడా ఉందో చూసుకోండి.

చెప్పాలనుకుంటే ఎలా మొదలుపెట్టాలో ఒక దారి చూపిస్తాను. మీరు పన్నెండు రోజులుగా ఉంటున్న కాడికోయ్ పాతపేరు కాల్సిడన్. గ్రీకులు అక్కడ ఊరు కట్టుకున్న పదిహేడేళ్లకు గానీ అవతలి ఒడ్డున బైజాంటియం (ఇస్తాంబుల్ తొలి రూపం) పుట్టలేదని పాతకాలపు గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. మెగబజస్ అనే పర్షియా సేనాని ఆ సంగతి విని, 'అయితే అప్పుడు కాల్సిడన్ వాళ్లకు కళ్లు లేవన్నమాట' అన్నాడట. ఎదురుగా అంత చక్కటి చోటు పెట్టుకుని చూడకుండా ఈ ఒడ్డున స్థిరపడ్డారు కదా మరి! గుడ్డివాళ్ల ఊరన్న పేరు దానికి అలా వచ్చింది. ఈ కథ మీ నాన్నగారికి తెలియకుండా ఉండదు. 'నాన్నా, నేను దిగింది గుడ్డివాళ్ల ఊళ్లో. పన్నెండు రోజులుగా ఎదురుగా ఉన్నదాన్ని చూడలేదు. ఆ ఫోటోలు నావి కావు' అని మొదలుపెడితే, కోపం వచ్చేలోపు ఆయనలోని మాస్టారికి ఒక్కసారి నవ్వు రాకపోతే చూడండి. గ్యారంటీ ఇవ్వలేను. ఆయనకు అర్థమయ్యే భాష అది, అంతవరకు చెప్పగలను.

ఆ తర్వాత ఇంకో మాట అడగండి. 'రేపు వెళ్తున్నాను, నేనేం చూడాలి?' అని. మూడు నెలలుగా ఆయన మీ ప్రయాణాన్ని ఫోన్లో ముక్కలు ముక్కలుగా వింటున్నారు. ఒక్కరోజు ఆయన్నే నడిపించనివ్వండి. లోపల ఫోన్లో మాట్లాడడం మర్యాద కాదు, అది మసీదు. ఆయన చెప్పినవి రాసుకుని వెళ్లండి. తలమీద కప్పుకోవడానికి స్కార్ఫ్ తీసుకెళ్లండి. శుక్రవారం మధ్యాహ్నం జుమ్మా నమాజు అయ్యేదాకా పర్యాటకులను రానివ్వరు, కాబట్టి ఆ రోజు వద్దు. గురువారమో శనివారమో సోమవారమో, పొద్దున్న తెరిచే వేళకు వెళ్తే వరుస తక్కువ. కాడికోయ్ నుంచి ఎమినొనుకు ఫెర్రీలో ఇరవై నిమిషాలే కదా. హైదర్‌పాషా స్టేషన్ వెనక్కి జరుగుతుంటే, ఎదురుగా గుమ్మటాలు దగ్గరవుతాయి. పన్నెండు రోజులుగా మీరు దాటనిది ఇరవై నిమిషాల నీళ్లు.

మీకేమీ అనిపించకపోతే? అనిపించకపోనివ్వండి. గొప్ప కట్టడం ముందు నిలబడగానే ఒళ్లు పులకరించాలని రూలేం లేదు. చాలామందికి పులకరింత ఫోటో కింద రాసుకునేటప్పుడే వస్తుంది. 'నాన్నా, గుమ్మటం చాలా పెద్దది, నాకు కాళ్లు నొప్పి పుట్టాయి, ఒక పిల్లి మెట్ల మీద పడుకుని ఉంది' అని చెప్పినా అది మీరు చూసిన హాగియా సోఫియా. మీరు చెప్పే వర్ణనలన్నీ ఆయనకు పుస్తకాల్లో దొరుకుతాయి. ఆ పిల్లి మాత్రం దొరకదు.

స్నేహితురాలి విషయానికొస్తే, ఆమె మంగళవారం సెలవు పెట్టింది సరే, ఆదివారం ఆమెకు ఎలాగూ సెలవేనని మీరే రాశారు. దీవులకు ఆదివారం వెళ్లకూడదా? జనం ఎక్కువుంటారు, ఫెర్రీలో సీటు కోసం కాస్త తోసుకోవాలి. అది నిజమే. కానీ అక్టోబరు చివర్లో వేసవి రద్దీ ఉండదు. మంగళవారమే వెళ్తామంటే అందులో ఉన్న చిక్కు తెలిసి వెళ్లండి. కాడికోయ్ నుంచి ఆ దీవుల్లో పెద్దదైన బుయుకాడాకు పోనూ రానూ నీటి మీదే రెండు మూడు గంటలు పోతాయి. దక్షిణపు గాలి లేచిన రోజు ఫెర్రీలు ఆపేస్తారు. ఆ గాలిని అక్కడివాళ్లు లోడోస్ అంటారు. ఊరి మధ్యలో ఫెర్రీ ఆగితే ఉస్కుదార్ నుంచి సిర్కెజికి సముద్రం కిందుగా మర్మరాయ్ రైలుంది. దీవిలో చిక్కుకుంటే రైలు లేదు. విమానం ఉన్న రోజు దీవికి వెళ్లడం నాలాంటి పిరికిదాని పని కాదు.

ఆ దీవుల్లో ఊళ్లోలాగా కార్లు తిరగవు. గుర్రపు బండ్లు కూడా 2020లో ఆపేసి బ్యాటరీ బండ్లు పెట్టారు. ఎక్కువగా నడకా, సైకిలే. రష్యా విప్లవ నాయకుడు ట్రాట్‌స్కీ దేశం నుంచి గెంటేయబడ్డాక 1929 నుంచి నాలుగేళ్లు చాలావరకు బుయుకాడాలోనే ఉన్నాడు. ఇది కూడా నాన్నగారికి చెప్పడానికి పనికొస్తుంది. నాలుగు దీవుల్లో ఫెర్రీ ఆగుతుంది, అన్నింటినీ ఒక్క రోజులో చుట్టేయాలని చూడకండి. ఇంకో జాబితా మొదలవుతుంది.

ఒకవేళ ఆ అమ్మాయి 'లేదు, చివరి రోజే కలిసి ఉండాలి' అంటే, ఆమెకు కావాల్సింది దీవి కాదు, మీరు. మంగళవారం ఆమెకు మీ చేపల బజారు చూపించండి, మోడాలో కూర్చోండి, బ్యాగు సర్దడంలో సాయం పట్టమనండి. ప్రయాణాల్లో కలిసినవాళ్లతో స్నేహం ఇంటికెళ్లాక నిలుస్తుందా లేదా అన్నది వేరే ఉత్తరం. మీరు అడగలేదు, నేను చెప్పను.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ ముందు రోజులకు సర్దేస్తే మంగళవారానికి ఏం మిగులుతుంది? ఏమీ మిగలదు. అలా మిగలకపోవడమే నాకిష్టం. 1993లో మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ కానెమన్, ఆయన సహచరులు ఒక ప్రయోగం చేశారు. మనుషులతో చల్లటి నీళ్లలో ఒక చెయ్యి నిమిషంపాటు పెట్టించారు. ఇంకోసారి అదే చల్లటి నీళ్లలో నిమిషం పెట్టించి, ఆపైన నీళ్లను ఒక్క డిగ్రీ వెచ్చబరుస్తూ ఇంకో అరనిమిషం ఉంచమన్నారు. మూడోసారి ఏది కావాలని అడిగితే ఎక్కువమంది పొడుగుదాన్నే ఎంచుకున్నారు. మొత్తం మీద కష్టం ఎక్కువే అయినా, చివర కాస్త తేలికపడింది కదా, గుర్తుండిపోయింది అదన్నమాట. చల్లటి నీళ్లలో చెయ్యీ, మూడు నెలల ప్రయాణమూ ఒకటి కావనుకోండి. అయినా పరుగుతో, చెమటతో, ట్రాఫిక్‌లో డ్రైవర్ మెడ వెనక్కి చూస్తూ ముగిసిన రోజును నేనెరుగుదును. పారిస్ అంటే నాకిప్పటికీ ముందు గుర్తొచ్చేది ఆ రొట్టె.

అలాగని ఖాళీ రోజు కూడా ఉచితంగా రాదు. పని లేకపోతే దిగులు వస్తుంది. వెళ్లాక ఉద్యోగం వెతుక్కోవాలి, బంధువుల ప్రశ్నలు వినాలి అని ఒక్క లైనులో రాసి దాటేశారు మీరు. ఖాళీగా కూర్చుంటే అదంతా మోడా టీ టేబుల్ దగ్గరికే వచ్చి ఎదురుగా కూర్చుంటుంది. అసలు మంగళవారాన్ని అన్ని కట్టడాలతో కిక్కిరిసేలా నింపాలనుకున్నది దీన్ని తప్పించుకోవడానికేనేమో కూడా. నాకైతే, ఆ దిగులు విమానంలో కన్నా సముద్రం ఒడ్డున రావడమే మంచిదనిపిస్తుంది. మీకు అలా అనిపించకపోతే బసిలికా సిస్టర్న్‌ను మంగళవారం పొద్దుటికి ఉంచుకోండి. గంట పని, తిరిగొచ్చి భోజనం చేసే టైముంటుంది, కాబట్టి ఈ ఒక్కదానికైతే బ్యాగు హాస్టల్లోనే ఉంచొచ్చు.

ఆ రోజు బయల్దేరేటప్పుడు మీరు రోజూ టీ తాగే చోట చెప్పి వెళ్లండి. అక్కడ ఉండేవాళ్లు వెళ్లేవాళ్లతో 'గ్యులే గ్యులే' అంటారు, నవ్వుతూ వెళ్లమని. ఊరు వెళ్లేవారి వెనక చెంబుడు నీళ్లు పోసే అలవాటు కూడా ఉంది వాళ్లకు. నీళ్లలా వెళ్లి నీళ్లలా తిరిగి రమ్మని దానర్థం. 'వెళ్తాను' అనకుండా 'వెళ్లొస్తాను' అనే మనకు ఇది వేరే విడమర్చి చెప్పక్కర్లేదు.

చివరగా ఆ వైకింగ్ రాత. దక్షిణం వైపు పై గ్యాలరీలో, పాలరాతి గట్టు మీద ఉంటుంది. వెయ్యేళ్ల కిందటి ఉత్తర ఐరోపా మనిషి ఎవరో తన భాషలో గీసుకున్నాడు. అరిగిపోగా మిగిలిన అక్షరాలను బట్టి పేరు హాల్ఫ్‌డాన్ అని చదివారు. ప్రార్థన సాగుతుంటే విసుగొచ్చిందో, ఇంటికెళ్తే నమ్మరని భయమో, 'నేనిక్కడికి వచ్చాను' అని గుర్తు పెట్టుకున్నాడు. గీతలు బాగా పలచబడ్డాయి. వెలుతురు పక్క నుంచి పడితే కాస్త తెలుస్తాయి, ఫోటోలో సరిగ్గా రావు. మీది మసకగానే వస్తుంది. అదే పంపండి మాస్టారికి.